బుజ్జికీ ఒక వంతు

నేను ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైన టీచర్ని. రాజమహేంద్రవరంలో ఉంటాను. మా అమ్మాయి తొలిచూలు బిడ్డ బుజ్జికి డౌన్ సిండ్రోమ్. ఇప్పుడు దానికి ఏడో ఏడు నడుస్తోంది. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్తులు కావడంతో పగలంతా అది నా దగ్గరే పెరిగింది. ఈమధ్య చిన్నవయసు తల్లిదండ్రులు పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని వచ్చి, "ఇప్పుడేం చేయాలమ్మా?" అని అడుగుతున్నారు. వాళ్ళకు విడివిడిగా చెబుతున్నవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. వీటన్నిటికీ మూలం ఒక్కటే: ఆ బిడ్డ వంతు ఆ బిడ్డకు ఇవ్వండి. తిండిలో, పనిలో, ఆటలో, మాటలో, మందలింపులో, చివరికి ఆస్తిలో కూడా. మిగతా పిల్లలకు అడక్కుండానే దక్కేవన్నీ ఈ పిల్లల దగ్గర్నుంచి జాలితో మనమే లాగేసుకుంటాం.

1. ముందు నింద ఆపండి

బిడ్డ పుట్టిన వారంలోనే ఇంట్లో విచారణ మొదలవుతుంది. గ్రహణం రోజు బయటికొచ్చిందా? కడుపుతో ఉన్నప్పుడు ఏం తింది? మేనరికమా? వాళ్ళ వైపు ఎవరికైనా ఉందా? ఈ పిల్లల్లో నూటికి తొంభై అయిదు మందిలో కారణం ఒకటే. 21వ క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడు ఉంటాయి. అండమో వీర్యకణమో తయారయ్యే వేళ క్రోమోజోములు సరిగా విడిపోకపోవడంవల్ల అలా జరుగుతుంది. ఫ్రాన్సులో జెరోమ్ లెజున్, ఆయన సహచరులు 1959లోనే ఈ సంగతి ప్రకటించారు. గ్రహణానికీ, తిన్న బొప్పాయికీ, తల్లి ఏడ్చిన ఏడుపుకీ దీంతో సంబంధం లేదు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుందన్నది నిజం. అయినా చిన్నవయసులో కనేవాళ్ళే ఎక్కువ కాబట్టి, ఈ పిల్లల్లో ఎక్కువమంది 35 ఏళ్ళలోపు తల్లులకే పుడుతున్నారు.

నూటికి ముగ్గురు నలుగురిలో మాత్రం అదనపు క్రోమోజోము ఇంకోదానికి అతుక్కుని ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌లొకేషన్ అంటారు. అది కొన్నిసార్లు తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. కాబట్టి కేరియోటైప్ పరీక్ష చేయించి, రిపోర్టు జెనెటిక్స్ డాక్టరుకు చూపించండి. ఇంకో బిడ్డను కనాలనుకునేవాళ్ళకు అది తప్పనిసరి.

మా ఇంట్లో ఈ విచారణ మొదలు కాకుండా ఆపింది మా వియ్యపురాలు. "వదినగారూ, మీ వైపా మా వైపా అని ఎవరూ అడగడానికి వీల్లేదు. ఇది మన పిల్ల. బారసాల ముహూర్తం చూడండి" అంది. ఆ మాటతో మా అమ్మాయి తలెత్తి కూర్చుంది. బాలింతకు ఆ రోజుల్లో కాయం ఎంత అవసరమో ఆ మాటా అంతే అవసరం.

2. గుండె, థైరాయిడ్, చెవులు, కళ్ళు

ఈ పిల్లల్లో దాదాపు సగం మంది గుండెలో లోపంతో పుడతారు. స్టెతస్కోపు పెడితే వినపడాలని లేదు. పాపాయి ఎర్రగా, బొద్దుగా కనిపించినా సరే, పుట్టిన కొద్ది రోజుల్లోనే గుండెకు ఎకో స్కాన్ తీయించండి. గుండె గదుల మధ్య గోడ సరిగా ఏర్పడని పిల్లలకు ఆపరేషన్ ఆలస్యమైతే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిపోతుంది. ఆ తర్వాత ఆపరేషన్ చేయడానికే వీల్లేని పరిస్థితి రావచ్చు. మా బుజ్జికి మొదటి ఏడాదిలోనే చేయించాం. "కాస్త బరువు పెరగనిద్దాం" అన్న నిర్ణయం గుండె డాక్టరు తీసుకోవాలి. ఇంట్లో పెద్దలు తీసుకోకూడదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిననాటి నుంచి పిల్లల గుండె ఆపరేషన్లకు సర్కారు సాయం ఉంది. డబ్బుకు భయపడి ఆగొద్దు.

థైరాయిడ్ పుట్టగానే, ఆరో నెలలో, ఏడాది నిండినప్పుడు, ఆ తర్వాత ప్రతి ఏటా చూడాలి. మందకొడితనం, మలబద్ధకం, పొడిబారిన చర్మం కనిపిస్తే "ఈ పిల్లలంతే" అని వదిలేస్తారు. తీరా చూస్తే అది థైరాయిడ్ కావచ్చు, రోజుకో చిన్న మాత్రతో సర్దుకోవచ్చు.

వీళ్ళ చెవి రంధ్రాలు సన్నం. కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గుతుంది. పిలిస్తే పలకని పిల్లను మొద్దు అనేముందు వినికిడి పరీక్ష చేయించాలి. కళ్ళలో శుక్లం, మెల్ల, అద్దాలు పడాల్సిన చూపు వీళ్ళలో ఎక్కువ. గట్టిగా గురక పెట్టినా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చినా, కూర్చుని ముందుకు వంగి పడుకున్నా డాక్టరుకు చెప్పండి. అలాంటివేమీ కనపడకపోయినా నాలుగేళ్ళలోపు ఒకసారి నిద్ర పరీక్ష చేయించడం మంచిదంటారు. మెడ పైభాగంలో ఎముకల కీళ్ళు కొందరిలో వదులుగా ఉంటాయి. పిల్లిమొగ్గలు వేయనివ్వకండి. నడక తీరు హఠాత్తుగా మారినా, మెడ నొప్పి అన్నా, చేతుల్లో పట్టు తగ్గినా, అదుపులో ఉన్న మూత్రం మళ్ళీ పడిపోతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, బరువు, పొడవు, పరీక్ష, మందు అన్నీ అందులో రాయండి. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు ఎదుగుదల చార్టు వేరే ఉంది. ఆ చార్టులోనే గుర్తు పెట్టమని పిల్లల డాక్టరును అడగండి.

3. నలుగు పెట్టే చెయ్యి నెమ్మదించాలి

నూనె రాయడం, నలుగు పెట్టడం, కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళు పోయడం మన ఇళ్ళలో మంచి అలవాట్లు. ఒంటికి చెయ్యి తగిలితే ఈ పిల్లలకూ హాయి. కానీ వీళ్ళ కండరాల్లో బిగువు తక్కువ, కీళ్ళు వదులు. చేతులూ కాళ్ళూ లాగి అడ్డంగా కలపడం, తలకిందులుగా వేలాడదీయడం, చంకల కింద పట్టుకుని ఎగరేయడం వీళ్ళకు ప్రమాదం. ముక్కులోనూ చెవిలోనూ నూనె చుక్కలు ఏ బిడ్డకూ వేయకూడదు. వీళ్ళకు అసలే కూడదు. స్నానం చేయించడానికి వచ్చే మనిషికి ఇవన్నీ మొదటిరోజే చెప్పండి.

పాలు తాగడంలో నోటి కండరాలు తొందరగా అలసిపోతాయి. నిద్రలోకి జారిపోతారు. తల కాస్త ఎత్తులో ఉంచి, గడ్డం కింద వేలితో ఆసరా ఇచ్చి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అన్నప్రాశన వాయిదా వేయకండి. మెడ నిలిపి, ఆసరాతో కూర్చోగలిగితే ఆరో నెల దాటాక డాక్టరును అడిగి మెత్తని అన్నం మొదలుపెట్టండి. ఎప్పుడూ జావలే పోస్తుంటే నమలడం రాదు. నమలడానికి కదిలే దవడా నాలుకే రేపు మాటకూ కదలాలి.

4. నేలమీద వదలండి

ఈ పిల్లలు సగటున రెండేళ్ళ ప్రాంతంలో నడుస్తారు. కొందరు ముందే నడుస్తారు, కొందరికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. బోర్లాపడటం, పాకడం, కూర్చోవడం, నిలబడటం అన్నీ వస్తాయి, ఆలస్యంగా వస్తాయి. పక్కింటి పిల్ల ఏ నెలలో నడిచిందో మీ నోటుబుక్కులో రాయకండి. మీ పిల్ల పోయిన నెలలో ఏం చేసిందో అదే రాయండి.

చంకన ఎత్తుకుని తిరిగితే కండరానికి పని ఉండదు. తువ్వాలు మడిచి ఛాతీ కింద పెట్టి బోర్లా పడుకోబెట్టండి. ఇష్టమైన గిలక్కాయ చేతికి అందీ అందనంత దూరంలో ఉంచండి. వీళ్ళు కాళ్ళు కప్పలా పక్కలకు పరిచి పడుకుంటారు, అలా పడుకోకుండా మడిచిన దుప్పటి తొడల పక్కన ఆన్చండి. నడకబండిలో కూర్చోబెట్టకండి.

పుట్టిన కొద్ది నెలల్లోనే థెరపీ మొదలవ్వాలి. జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో ఎదుగుదల సమస్యలున్న పిల్లల కోసం డీఈఐసీ కేంద్రాలున్నాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే వీటిలో సేవలు ఉచితం. ఆ కార్యక్రమం జాబితాలో డౌన్ సిండ్రోమ్ కూడా ఉంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. మేము గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కి పొద్దున్నే దిగేవాళ్ళం. అక్కడ వాళ్ళు బిడ్డకు చేసేదానికన్నా, ఇంటికెళ్ళి మనం ఏం చేయాలో చూపించేదే ఎక్కువ విలువైంది. థెరపిస్టు దగ్గర గడిచేది అరగంట. మిగతా రోజంతా ఇంట్లో వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది.

5. మాటకోసం ఆగండి

మా బుజ్జికి మాటలు రాని రోజుల్లో "వసకొమ్ము అరగదీసి నాకించండి", "నాలుక కింద నరం కోయించండి" అని చెప్పినవాళ్ళకు లెక్కలేదు. రెండూ చేయించలేదు. వినికిడి సరిగా లేకపోవడం, నోరు చిన్నదిగా ఉండటం, నాలుక కండరంలో బిగువు తక్కువగా ఉండటం, మెదడు మాటను కూర్చుకోవడానికి సమయం పట్టడం, ఇవీ కారణాలు. వీటికి నాకించే మందు లేదు.

ఈ పిల్లలకు అర్థమయ్యేది ఎక్కువ, చెప్పగలిగేది తక్కువ. ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి. పిల్ల ముందే దాని గురించి "దీనికేం తెలుస్తుంది" అని మాట్లాడటం ఈ రోజుతో మానేయాలి.

మాటకు ముందు సైగ నేర్పండి. "ఇంకా కావాలి", "చాలు", "నీళ్ళు", "అయిపోయింది". సైగ చేస్తూ మాటా పైకి అనాలి. సైగలు నేర్పితే మాట రాదని భయపడతారు. మా అనుభవం, స్పీచ్ థెరపిస్టులు చెప్పేది రెండూ దానికి విరుద్ధమే. చెప్పుకోలేని ఉక్రోషం తగ్గి, మాట వచ్చాక సైగ దానంతటదే పోయింది.

ప్రశ్న అడిగాక నోరు మూసుకుని ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. లోతైన బావిలో వేసిన చేద నీళ్ళు నింపుకుని పైకి రావడానికి కొంత సమయం పడుతుంది కదా, మన మాట విని వాళ్ళ మాట పైకి రావడానికీ అంతే. మనం మధ్యలో ఇంకో ప్రశ్న వేస్తే చేద మళ్ళీ అడుగుకు పోతుంది. అన్నం పెట్టేటప్పుడు "పప్పా? పెరుగా?" అని అడిగి ఆగేదాన్ని. అది "పప్పు" అన్న రోజున వంటింట్లో పండగ చేసుకున్నాం.

ఇంట్లో తెలుగే మాట్లాడండి. ఇంగ్లీషు మీడియంలో చేర్చాలి కాబట్టి ఇంట్లో కూడా వచ్చీరాని ఇంగ్లీషులోనే మాట్లాడమని కొందరు సలహా ఇస్తారు. తాతయ్యతో, పనమ్మాయితో, కూరగాయలావిడతో మాట్లాడే భాష దూరం చేస్తే పిల్ల మాట్లాడే మనుషులే తగ్గిపోతారు. రెండో భాష తర్వాత నేర్చుకోగలదు, నేర్చుకుంటుంది. అమ్మ, అత్త, తాత, మామ, పాప. ఇలాంటి పిలుపులన్నీ రెండక్షరాల్లో, పెదవులతో నాలుకతో పలికేవే. ఫొటోలు పెట్టుకుని వాటితోనే మొదలుపెట్టండి. చెమ్మచెక్క, దాగుడుమూతలు లాంటి ఆటల్లో ఒకరి తర్వాత ఒకరు అన్న క్రమం ఉంటుంది. మాట్లాడుకోవడానికి కావలసిందీ అదే.

6. చూసింది మరచిపోరు

ఈ పిల్లలు విన్నదానికన్నా చూసింది బాగా గుర్తుపెట్టుకుంటారు. టీచరుగా నాకు ఇది పెద్ద ఆసరా అయింది. అచ్చులు, హల్లులు, గుణింతాలు వరసగా వచ్చాకే మాటలు అన్న పద్ధతి పక్కన పెట్టాను. ఇంట్లో వాళ్ళ ఫొటోల కింద పెద్ద అక్షరాలతో "అమ్మ", "నాన్న", "తాత" అని రాసి అట్టలు చేశాను. ముందు ఒకేలాంటి అట్టలు జత కలపడం, తర్వాత "అమ్మ అట్ట ఇవ్వు" అంటే తీసివ్వడం, చివర చదవడం. మాటలు సరిగా పలకడం రాకముందే అట్టలు చదవడం మొదలుపెట్టింది. చదివిన మాటను పలకడం తర్వాత సులువైంది. మాటకు చదువు ఆసరా కావచ్చని నాకు అప్పుడు రుజువైంది.

లెక్కలు కష్టం. తొందరపెట్టకండి. కంచాలు ఎన్ని, మెట్లు ఎన్ని, ఇడ్లీలు ఎన్ని అని చేత్తో ముట్టుకుంటూ లెక్కించాలి. పొద్దున లేచింది మొదలు చేసే పనులను బొమ్మలుగా వరసగా గోడకు అంటిస్తే, "తర్వాత ఏమిటి" అన్న గందరగోళం పోయి రోజు సాఫీగా గడుస్తుంది.

7. పని చెప్పండి

అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. మా ఇంట్లో పని లేని మనిషి లేదు. బుజ్జికీ ఉంది.

మూడేళ్ళప్పుడు విడిచిన బట్టలు బుట్టలో వేయడం. నాలుగేళ్ళకు ఆరేసిన బట్టలకు క్లిప్పులు పెట్టడం, తీయడం. వేళ్ళకు ఇంతకన్నా మంచి కసరత్తు ఏ థెరపీ గదిలోనూ చూడలేదు. అయిదేళ్ళకు చిక్కుడుకాయలు గిల్లడం, చపాతీ పిండి మెదపడం, దేవుడి దగ్గరకు దూదితో వత్తులు చేయడం. వత్తి చేయాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిసి పనిచేయాలి, ఓపిక ఉండాలి. రేపు పెన్సిలు పట్టడానికీ అవే కావాలి. ఇప్పుడు రాత్రి భోజనాలకు కంచాలూ గ్లాసులూ పెట్టేది అదే. ఎవరి కంచం ఎవరిదో, ఎవరు ఊళ్ళో లేరో దానికి తెలుసు.

పని నేర్పడానికి ఒక పద్ధతి ఉంది. పనిని చిన్న ముక్కలు చేసి, చివరి ముక్క ముందు నేర్పాలి. చొక్కా వేసుకోవడంలో తల, చేతులు మనం దూర్చి, కిందికి లాగడం ఒక్కటి పిల్లకు వదలాలి. "నేనే వేసుకున్నా" అన్న తృప్తి మొదటిరోజే దక్కుతుంది. తర్వాత ఒక్కో ముక్క వెనక్కి జరుగుతూ రావాలి. మరుగుదొడ్డి అలవాటు, పళ్ళు తోమడం, చెప్పులు వేసుకోవడం అన్నీ ఇలాగే నేర్పాం.

మనం చేస్తే నిమిషంలో అయ్యే పని అది చేస్తే చాలాసేపు పడుతుంది. పొద్దున్న బడి వేళ అంత ఓపిక ఎవరికీ ఉండదు. కాబట్టి ఒక పని ఎంచుకుని, తీరిక ఉన్న సాయంత్రం పూటే నేర్పండి. చుట్టాలు చూసి "పాపం, దానిచేత పని చేయిస్తున్నారా" అంటారు. "అదీ ఇంటి మనిషే కదా, దాని వంతు అది చేస్తోంది" అని చెప్పండి. పనిలో వంతు ఉన్న మనిషికే ఇంట్లో మర్యాద దక్కుతుంది.

8. మొండికేస్తే కారణం వెతకండి, మాట మార్చకండి

నడిరోడ్డుమీద కూలబడి కదలకపోవడం ఈ పిల్లల తల్లిదండ్రులందరికీ తెలిసిన సంగతే. తిట్టినా లేవరు, లాగితే వదులు కీళ్ళకు ప్రమాదం. చాలాసార్లు కారణం ఒకటే: ఒక పని నుంచి ఇంకో పనికి మారడం వాళ్ళకు కష్టం. పార్కు నుంచి బయల్దేరేముందు "ఇంకో రెండుసార్లు జారి, తర్వాత ఇంటికి" అని ముందే చెప్పండి. వేళ్ళతో చూపించండి. చెప్పాక మూడోసారి జారనివ్వకండి. కూలబడితే పక్కనే నిలబడి, మాట్లాడకుండా, నవ్వకుండా ఉండండి. చూసేవాళ్ళు లేకపోతే ఆ ఆట ఎక్కువసేపు సాగదు.

కొట్టకండి. కొట్టడం నేర్పితే వాళ్ళూ కొడతారు. అలాగని "పాపం పిల్ల" అని తమ్ముడి బొమ్మ లాక్కున్నా ఊరుకోకండి. వాడు లాక్కుంటే ఏమంటామో దీన్నీ అదే అనాలి. మందలింపులో వంతు ఇవ్వకపోతే తమ్ముడి మనసులో కోపం పెరుగుతుంది, దీనికి మంచీచెడూ తెలియకుండా పోతుంది. గేటుకు పైన గొళ్ళెం పెట్టించండి, మెడలోనో చేతికో ఇంటి ఫోన్ నంబరున్న బిళ్ళ వేయండి. చెప్పకుండా బయటికి నడిచివెళ్ళిపోయే అలవాటు వీళ్ళలో చాలామందికి ఉంది.

9. అందరినీ కౌగిలించుకోనివ్వకండి

"ఈ పిల్లలు ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు, దేవుడి బిడ్డలు" అంటారు. వీళ్ళకూ కోపం, సిగ్గు, దిగులు, అలక అన్నీ ఉంటాయి. అవి చూపించే హక్కూ ఉంటుంది. ఎవరు కనిపించినా వెళ్ళి వాటేసుకుంటే నాలుగేళ్ళప్పుడు ముచ్చటగా ఉంటుంది. పద్నాలుగేళ్ళప్పుడు అదే ప్రమాదం. మేము మొదటి నుంచీ నమస్కారం నేర్పాం. అమ్మ, నాన్న, తమ్ముడు, అమ్మమ్మ, తాతయ్యలు, నాయనమ్మ వాటేసుకోవచ్చు. మిగతా అందరికీ చేతులు జోడించాలి. బుగ్గ గిల్లబోయేవాళ్ళకు కూడా "మా బుజ్జి నమస్కారం పెడుతుంది చూడండి" అని చెబుతాం. ఒంట్లో ఏ భాగాలు ఎవరూ ముట్టకూడదో, స్నానానికి ఎవరు సాయం చేస్తారో పేర్లతో సహా చెప్పి, మళ్ళీ మళ్ళీ చెప్పించండి.

10. తిండిలో జాలి వద్దు

ఈ పిల్లలకు ఖర్చయ్యే శక్తి తక్కువ, బరువు తొందరగా పెరుగుతుంది. బరువు కీళ్ళకూ, నిద్రలో ఊపిరికీ చేటు. వచ్చిన చుట్టమల్లా బిస్కెట్ ప్యాకెట్టు, చాక్లెట్టు తెస్తారు. మా ఇంటికి వచ్చేవాళ్ళకు "రంగులో, బంతో, పండో తెండి" అని ముందే చెబుతాను. ఆకుకూర, పప్పు, పళ్ళు, నీళ్ళు మలబద్ధకానికి కూడా మందే. రోజూ సాయంత్రం గోదావరి గట్టున నడక అందరికీ తప్పనిసరి.

11. తెలివి పెంచే మందు లేదు

తెలివి మందులనీ, లేహ్యాలనీ, ఎక్కువ మోతాదు విటమిన్లనీ, మూలకణాల చికిత్స అనీ చెప్పేవాళ్ళు మీ ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. అదనపు క్రోమోజోమును తీసేసే మందు లేదు. ఆ డబ్బు వినికిడి పరీక్షకు, కళ్ళద్దాలకు, థెరపీకి దాచండి. గుళ్ళో మొక్కు చెల్లించుకోండి, అది మీ విశ్వాసం. మొక్కుకు ముందు ఎకో, మొక్కు తర్వాత థెరపీ మాత్రం మానకండి.

12. బడి తలుపు గట్టిగా తట్టండి

"ఇలాంటి పిల్లలకు ఇక్కడ కుదరదండీ" అని ఒక బడిలో మమ్మల్ని గుమ్మంలోంచే పంపించేశారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, పిల్లలను వైకల్యం కారణంగా వేరుచేయకుండా చేర్చుకోవాలని, ప్రభుత్వ గుర్తింపో నిధులో ఉన్న విద్యాసంస్థలకు చెబుతోంది. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు దగ్గరి బడిలోనో, తాము ఎంచుకున్న ప్రత్యేక బడిలోనో ఉచిత చదువు హక్కు. మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. అక్కడి టీచర్లు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకోసమే శిక్షణ పొందినవాళ్ళు. ముందు వాళ్ళను కలవండి.

బడిలో చేరాక టీచరును అడగాల్సినవి నాలుగే: ముందు వరసలో కూర్చోబెట్టండి, ఒకసారికి ఒకే మాట చెప్పండి, బొమ్మతో చూపించండి, జవాబుకోసం ఆగండి. తోటిపిల్లల పుట్టినరోజులకు తీసుకెళ్ళండి, మీ ఇంటికి పిలవండి. స్నేహం బడిలో తనంతట రాదు, పెద్దలు దారి వేయాలి. స్పెయిన్‌లో పాబ్లో పినెడా డౌన్ సిండ్రోమ్‌తోనే విశ్వవిద్యాలయ డిగ్రీ తెచ్చుకున్నాడు, సినిమాలో నటించి బహుమతి అందుకున్నాడు. ఆయన పేరు మీ ధైర్యానికి వాడుకోండి. బిడ్డకు కొలబద్దగా మాత్రం పెట్టకండి. మా బుజ్జి వేగం మా బుజ్జిదే.

13. కాగితాలు వాయిదా వేయకండి

వైకల్యాన్ని తెలిపే సదరం సర్టిఫికెట్టుకు స్లాటు తీసుకుని, శాతం నమోదు చేయించుకోండి. దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు కూడా తీసుకోండి. 40 శాతం, ఆపైన ఉంటే పింఛను, రైలు రాయితీ, చదువు హక్కు వంటివాటికి దారి దొరుకుతుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చు కూడా అందులో ఉంది. ఆదాయపు పన్ను పాత విధానంలో కట్టే తల్లిదండ్రులకు మినహాయింపు ఉంది. "మా పిల్లకు ఆ ముద్ర వేయించం" అని సర్టిఫికెట్టు తీసుకోనివాళ్ళున్నారు. తీసుకోకపోతే పిల్లకు రావలసిన వంతు పోతుంది, అంతే.

14. తల్లి, తండ్రి, తమ్ముడు

ఆసుపత్రికీ, థెరపీకీ, బడికీ తల్లే తిరిగితే ఏడాదిలో ఆమె ఆరోగ్యం పాడవుతుంది. మా అల్లుడు శనివారాల థెరపీ, రాత్రి స్నానం, నిద్రపుచ్చడం తనవిగా తీసుకున్నాడు. "సాయం చేస్తున్నాడు" అని ఎవరూ అనం, అది తండ్రి పని. తాతలూ, అమ్మమ్మలూ, మేనమామలూ తలా ఒక వేళ పంచుకోండి. నెలలో ఒక పూటైనా భార్యాభర్తలిద్దరినీ పిల్లలు లేకుండా బయటికి పంపండి. తల్లి రోజుల తరబడి నిద్రపోక, నవ్వక, తిండి మానేస్తే దాన్ని దిగులులే అని వదలకుండా డాక్టరుకు చూపించండి.

తమ్ముడు "అక్క ఎందుకు సరిగా మాట్లాడదు?" అని అడిగితే నిజం చెప్పండి. "అక్క అలా పుట్టింది, నేర్చుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది, నీవల్ల ఏమీ కాలేదు." వాడిని అక్కకు కాపలాదారును చేయకండి. వాడి క్రికెట్టుకూ, వాడి మార్కులకూ, వాడి అలకకూ ఇంట్లో సమయం ఉండాలి.

15. మన తర్వాత సంగతి ఇప్పుడే మాట్లాడుకోండి

ఒకప్పుడు ఈ పిల్లలు ఎక్కువకాలం బతకరనేవారు. గుండె ఆపరేషన్లు, మంచి వైద్యం వచ్చాక అభివృద్ధి చెందిన దేశాల్లో వీళ్ళ సగటు ఆయుష్షు అరవై ఏళ్ళ దగ్గరికి వచ్చింది. అంటే మా బుజ్జి నా తర్వాత, వాళ్ళ అమ్మానాన్నల తర్వాత కూడా చాలాకాలం బతకాలి. ఆ బతుకు కోసమే ఇప్పుడు కంచాలు పెట్టడం నేర్పుతున్నాం.

పద్దెనిమిదేళ్ళు నిండాక తల్లిదండ్రులు తమంతట తామే సంరక్షకులైపోరు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. వీలునామా రాసేటప్పుడు "దానికెందుకు ఆస్తి, తమ్ముడు చూసుకుంటాడులే" అనకండి. దాని వంతు దాని పేర రాసి, ఎవరు చూడాలో, డబ్బు దేనికి వాడాలో లాయరు చేత స్పష్టంగా రాయించండి. అన్నదమ్ములను ప్రేమతో అడగండి, బాధ్యతతో కట్టేయకండి.

మార్చి 21న ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం. ఐక్యరాజ్యసమితి 2012 నుంచి జరుపుతోంది. మూడో నెల, 21వ తేదీ: మూడు ప్రతులున్న 21వ క్రోమోజోమును గుర్తుచేసేలా ఆ రోజును ఎంచుకున్నారు. ఆ రోజున సభలూ ఫొటోలూ ఉంటాయి, మంచిదే. మీకు నేను చెప్పేది మాత్రం రేపటి పని. ఎకో తీయించకపోతే రేపు ఆసుపత్రికి ఫోను చేయండి. థైరాయిడ్ చూసి ఏడాది దాటితే రక్తం ఇప్పించండి. అవి రెండూ అయి ఉంటే, మీ ఇంట్లో ఇన్నాళ్ళూ ఆ బిడ్డకు అప్పగించని ఒక చిన్న పని ఎంచుకుని ఈ సాయంత్రమే మొదలుపెట్టండి. చేసేటప్పుడు తొందరపెట్టకండి, చేశాక మెచ్చుకోవడం మరచిపోకండి.